రోగి భద్రత ఒకే గదిలో: వేర్వేరు కోర్సుల విద్యార్థులకు కలిపి నేర్పడం ఎలా?

మందు రాసేది ఒకరు, షెల్ఫులోంచి తీసి ఇచ్చేది ఇంకొకరు, సిరంజిలోకి తీసి పేషెంట్‌కి ఎక్కించేది మరొకరు. చదువుకునే నాలుగైదేళ్లలో ఈ ముగ్గురూ ఒక్క క్లాసులో కూడా పక్కపక్కన కూర్చోరు. డ్యూటీలో చేరిన మొదటి రోజు మాత్రం ఎప్పటినుంచో ఒకే టీమ్ అన్నట్టు పనిచేయాలని మనం ఆశిస్తాం. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది సరిగ్గా ఈ చేతులు మారే చోటే. రాసిన కాగితం ఫార్మసీకి వెళ్లేటప్పుడు, రాత్రి డ్యూటీ వాళ్లు పగటి డ్యూటీ వాళ్లకు అప్పగించేటప్పుడు, ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ వచ్చినప్పుడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వైద్యం పొందే ప్రతి 10 మందిలో దాదాపు ఒకరికి ఆ వైద్యం జరిగే తీరు వల్లే హాని కలుగుతోంది. అందులో సగానికి పైగా నివారించదగ్గదే. ఏటా 30 లక్షలకు పైగా మరణాలు అసురక్షిత వైద్యం వల్లే జరుగుతున్నాయి. అయినా చాలా కాలేజీల్లో రోగి భద్రత అంటే ఒక గంట లెక్చరు, నలభై స్లైడ్లు, చివర్లో హాజరు.

మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థులను కలిపి కూర్చోబెట్టి ఈ విషయం నేర్పాలనుకునే అధ్యాపకుల కోసం ఈ మార్గదర్శి. చదివాక మీ దగ్గర ఒక చిన్న కోర్సుకు సరిపడా సరుకు ఉండాలి.

1. ముందు పాఠం చెప్పేవాళ్లను కలపండి

విద్యార్థుల కన్నా ముందు అధ్యాపకులు కలవాలి. ప్రతి విభాగం నుంచి ఒక్కరు చాలు, కానీ ఆ ఒక్కరికీ నిజంగా ఆసక్తి ఉండాలి. పేరుకి పంపిన మనిషి వల్ల ఉపయోగం లేదు. ఒక డాక్టరు పాఠమంతా చెప్పి, నర్సింగ్ టీచర్ హాజరు తీసుకుంటూ మూలన నిలబడితే, మీరు నోటితో ఏం చెప్పినా విద్యార్థులు నేర్చుకునేది ఆ దృశ్యాన్నే. క్లాసు నడిపే పని వంతులవారీగా మారాలి. మందుల క్లాసు ఫార్మసీ వాళ్లు, డ్యూటీ అప్పగింత క్లాసు నర్సింగ్ వాళ్లు నడిపితే సహజంగా కుదురుతుంది.

అసలు తలనొప్పి టైమ్‌టేబులే. అయిదు విభాగాలకూ ఖాళీ ఉండే గంట అంటూ దొరకదు, అది మనమే సృష్టించుకోవాలి. వారానికో గంట అని పెట్టుకుంటే మూడో వారానికి ఎవరో ఒకరి పరీక్షలు అడ్డొస్తాయి. దానికన్నా రెండు నెలల్లో నాలుగు సగం రోజులు తీసుకోవడం మేలు. ఆ తేదీలు విద్యా సంవత్సరం మొదట్లోనే అందరి క్యాలెండర్లోనూ ఎక్కాలి.

గుంపులు మీరే వేయండి. ఆరు నుంచి ఎనిమిది మంది, ఒకే కోర్సు వాళ్లు ఇద్దరికి మించకుండా. ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేస్తే స్నేహితులంతా ఒక బల్ల చుట్టూ చేరిపోతారు. ఏ సంవత్సరం వాళ్లను కలుపుతున్నామన్నది కూడా ముఖ్యం. చివరి ఏడాది మెడికల్ విద్యార్థి పక్కన మొదటి ఏడాది నర్సింగ్ విద్యార్థిని కూర్చోబెడితే ఆ అమ్మాయి నోరు తెరవదు. అందరూ వార్డు చూసినవాళ్లై ఉంటే మంచిది.

2. ఏది నేర్పాలి, ఏది వదిలేయాలి

సిలబస్ కోసం చేతులు నలుపుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో మెడికల్ కాలేజీల కోసం ఒక పాఠ్య ప్రణాళిక తెచ్చింది. 2011లో దాన్నే అన్ని వృత్తులకూ పనికొచ్చేలా విస్తరించింది. అందులో 11 అంశాలున్నాయి: రోగి భద్రత అంటే ఏమిటి, మనిషి స్వభావమూ పరిమితులూ పని మీద చూపే ప్రభావం, వ్యవస్థ పనిచేసే తీరు, టీమ్‌గా పనిచేయడం, పొరపాట్ల నుంచి నేర్చుకోవడం, ప్రమాదాలను ముందే పసిగట్టడం, నాణ్యత పెంచే పద్ధతులు, పేషెంట్లనూ వాళ్ల ఇంటివాళ్లనూ కలుపుకోవడం, ఇన్ఫెక్షన్ల నివారణ, ఆపరేషన్ల భద్రత, మందుల భద్రత.

అన్నీ చెప్పబోతే ఏదీ అంటదు. నాలుగు సగం రోజులే ఉంటే నేనైతే వ్యవస్థ, టీమ్‌లో మాట్లాడటం, మందులు, పేషెంట్ కుటుంబం అనే నాలుగింటిని పట్టుకుంటాను. ఇన్ఫెక్షన్ల నివారణ ప్రతి కోర్సులోనూ విడిగా ఎలాగూ ఉంటుంది కాబట్టి దానికి ఇక్కడ ఒక అరగంట చాలు.

3. మొదటి క్లాసు: మీ పొరపాటుతో మొదలుపెట్టండి

నిర్వచనాలతో మొదలుపెట్టకండి. మీరు చేసిన ఒక పొరపాటు చెప్పండి. చిన్నదైనా ఫర్వాలేదు. వేరే పేషెంట్ రిపోర్టు చూసి మాట్లాడేయడం, అలర్జీ అడగడం మర్చిపోయి ఇంజెక్షన్ దాకా వెళ్లి ఆగడం లాంటిదేదైనా. ఏ పేషెంటో, ఏ ఆస్పత్రో పోల్చుకోలేనంతగా వివరాలు మార్చండి. కానీ ఆ క్షణంలో మీ గుండె ఎలా ఝల్లుమందో మాత్రం దాచకండి. టీచరే ముందు చెప్పకపోతే ఆ గదిలో ఇంకెవరూ చెప్పరు. ఇది టెన్షన్ పెట్టే పనే. అందుకే ఇంటి దగ్గర ఒకసారి గట్టిగా చెప్పుకుని చూసుకుని రండి.

తర్వాత అసలు ప్రశ్న వేయండి: 'ఆ రోజు నేను అజాగ్రత్త మనిషిని కాబట్టే అలా జరిగిందా?' ఇక్కడే వ్యవస్థ పాఠం మొదలవుతుంది. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ఇచ్చిన చీజ్ ముక్కల పోలిక ఇందుకు బాగా పనికొస్తుంది. చిల్లులున్న చీజ్ ముక్కలు వరసగా నిలబెట్టాం అనుకోండి. ఒక్కో ముక్క ఒక్కో రక్షణ: రాసేటప్పుడు సరిచూసుకోవడం, ఫార్మసీ తనిఖీ, ఇచ్చేముందు పేషెంట్ పేరు అడగడం. ప్రతి ముక్కకీ చిల్లులుంటాయి. మామూలు రోజున ఒక ముక్క చిల్లును తర్వాతి ముక్క మూసేస్తుంది. అన్ని చిల్లులూ ఒకే వరుసలోకి వచ్చిన రోజున పొరపాటు నేరుగా పేషెంట్‌ను తాకుతుంది. బొమ్మ గీసి ఊరుకోకండి. నాలుగు అట్టముక్కలకు చిల్లులు పెట్టించి, ఒక పెన్సిల్‌ను అవతలికి తోయమనండి. రెండు నిమిషాల పని, కానీ ఏడాది తర్వాత కూడా గుర్తుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'అంతా వ్యవస్థ తప్పే' అని విద్యార్థులు తేల్చేసి కూర్చునే ప్రమాదం ఉంది. అలసటలో చేయి జారడం వేరు, పని తొందరగా అవుతుందని అందరూ చేసే అడ్డదారి తొక్కడం వేరు, ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోవడం వేరు. మొదటిదానికి ఓదార్పూ వ్యవస్థ మార్పూ కావాలి. రెండోదానికి, ఆ అడ్డదారి ఎందుకు అవసరమైందో అడిగి సరిదిద్దాలి. మూడోదానికి జవాబు చెప్పాల్సిందే.

4. ముక్కలు పంచిన కథ

ఈ కోర్సుకు గుండెకాయ ఈ క్లాసే. గంటన్నర పడుతుంది, కావాల్సింది ఏడు కార్డులు మాత్రమే. కేసు మీరే రాసుకోవచ్చు. నమూనాకి ఒకటి ఇస్తున్నాను.

కాలికి ఇన్ఫెక్షన్ వచ్చి వార్డులో ఉన్న ఒక పెద్దావిడ. షుగర్ ఉంది. ఉదయం టిఫిన్‌కి ముందు ఇన్సులిన్ ఇచ్చారు. రెండు గంటల తర్వాత స్పృహ తప్పింది. గ్లూకోజ్ ఎక్కించారు, తేరుకుంది. అందరికీ తెలిసిన కథ ఇంతే. మిగతాదంతా ఏడు కార్డుల్లో ఉంది.

జూనియర్ డాక్టర్ కార్డు: రాత్రంతా డ్యూటీ. తెల్లవారుజామున ఆర్డర్ మార్చాను. 4 యూనిట్లు అని రాయడానికి 4 పక్కన 'యు' అనే ఇంగ్లిష్ అక్షరం పెట్టాను.

ఫార్మసిస్ట్ కార్డు: నాకు అది 40లా కనబడింది. ఎక్కువే అనిపించింది. కానీ ఇన్ఫెక్షన్‌లో షుగర్ పెరుగుతుంది కదా అనుకున్నాను. వార్డుకు ఫోన్ చేశాను, బిజీగా ఉంది.

నర్సు కార్డు: ఇవాళ నన్ను వేరే వార్డు నుంచి ఇక్కడికి వేశారు. సిరంజిలోకి తీస్తుండగా రెండు సార్లు పిలిచారు. ఫార్మసీ నుంచి వచ్చింది కాబట్టి లెక్క సరిగ్గానే ఉంటుందనుకున్నాను.

కూతురి కార్డు: రోజూ సిరంజిలో అడుగున కొంచెమే కనబడేది, ఇవాళ దాదాపు సగం ఉంది. అడుగుదామనుకున్నాను. వాళ్లకు తెలియదా అని ఊరుకున్నాను.

డైటీషియన్ కార్డు: ఆవిడ టిఫిన్ ముట్టలేదు, వాంతి వచ్చేలా ఉందంది. నా పుస్తకంలో రాసుకున్నాను.

ఫిజియోథెరపిస్ట్ కార్డు: లేపి నడిపిద్దామని వెళ్లాను. చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి. నీరసం కాబోలనుకుని మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను.

ల్యాబ్ టెక్నీషియన్ కార్డు: రక్తంలో గ్లూకోజ్ 46 వచ్చింది, బాగా తక్కువ. వెంటనే వార్డుకు ఫోన్ చేసి చెప్పాను. ఎత్తినవాళ్ల పేరు అడగలేదు.

కార్డులు పంచేటప్పుడు ఒక చిలిపి పని చేయండి. ఎవరి కోర్సు కార్డు వాళ్లకు ఇవ్వకండి. ఫార్మసీ విద్యార్థికి నర్సు కార్డు, మెడికల్ విద్యార్థికి కూతురి కార్డు ఇవ్వండి. కార్డు చూపించకూడదు, నోటితోనే చెప్పాలి. మొదటి ఇరవై నిమిషాల్లో బోర్డు మీద ఆ ఉదయాన్ని నిమిషాలవారీగా కట్టాలి.

ఈ ఇరవై నిమిషాలూ మీరు మాట్లాడకండి, వినండి. నర్సు సరిచూసుకోవాల్సింది అంటారు కొందరు. రాత సరిగ్గా ఉంటే గొడవే లేదు అంటారు మరికొందరు. నిందించే వేళ్లు ఎప్పుడూ పక్క కోర్సు వైపే తిరుగుతాయి. దాన్ని అక్కడికక్కడ దిద్దకుండా మీ కాగితం మీద రాసుకోండి. చివర్లో చదివి వినిపిస్తే వాళ్లకే నవ్వొస్తుంది.

తర్వాత ప్రశ్న మార్చండి. 'తప్పెవరిది?' అన్నదాన్ని పక్కన పెట్టి 'దీన్ని ఎక్కడెక్కడ ఆపగలిగేవాళ్లం?' అని అడగండి. ఏడు చోట్ల, ఏడుగురికీ ఏదో ఒకటి తెలుసు. ఏ ఒక్కరికీ మొత్తం తెలియదు. టిఫిన్ తినలేదన్న సంగతి డైటీషియన్ పుస్తకంలో, చెమటల సంగతి ఫిజియోథెరపిస్ట్ మనసులో, 46 అన్న అంకె ఎవరో పేరు తెలియని మనిషి చెవిలో ఉండిపోయాయి. మెడికల్ విద్యార్థికి, సిరంజిలోకి మందు తీసేటప్పుడు ఎన్నిసార్లు పిలుస్తారో బహుశా ఆ రోజే మొదటిసారి తెలుస్తుంది.

ఇక మందు రాయాలి, అంటే పరిష్కారం. ఇక్కడ ఒక నిబంధన పెట్టండి: 'ఇకమీదట జాగ్రత్తగా ఉండాలి' అన్న వాక్యం నిషిద్ధం. దాన్ని బోర్డు మీద రాసి కొట్టేయండి. 'అవగాహన పెంచాలి' కూడా అంతే. ఇవి తప్పని కాదు, కానీ బలహీనమైన మందులు. అలిసిపోయిన మనిషికి మళ్లీ జాగ్రత్త చెప్తే అలసట పోదు కదా. గుంపు చెప్పిన ప్రతి పరిష్కారాన్నీ మూడు వరుసల్లో పెట్టించండి. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడేవి అడుగున. చెక్‌లిస్టులు, రెండో మనిషి సరిచూడటం లాంటివి మధ్యలో. తప్పు చేయడాన్నే కష్టం చేసేవి పైన. 'యూనిట్లు' అని పూర్తిగా అచ్చు వేసిన ఆర్డర్ ఫారం ఉంటే 4 పక్కన సున్నా పుట్టే అవకాశమే తక్కువ.

పై వరుసకు నిజమైన ఉదాహరణ ఒకటి చెప్పండి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. వెన్నులోకి ఇచ్చే మందులు కూడా సిరంజిలోనే వస్తాయి కాబట్టి ఈ పొరపాటు వేర్వేరు దేశాల్లో మళ్లీ మళ్లీ జరిగింది. హెచ్చరిక స్టిక్కర్లు ఉన్నా జరిగింది. దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపాలని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సంచిని చూశాక వెన్నులోకి ఇచ్చేదని ఎవరూ పొరబడరు.

5. నోరు తెరవడం నేర్పండి

తెలిసి కూడా అడగలేకపోవడం తెలియకపోవడం కన్నా ప్రమాదం. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, విమానాశ్రయం రన్‌వే మీద రెండు 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదురుగా ఉన్న విమానం రన్‌వే దిగిందో లేదోనని, పైకి లేవబోతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. దిగిపోయింది అని కెప్టెన్ గట్టిగా అనేసరికి అక్కడితో ఆగిపోయాడు.

ఆపరేషన్ థియేటర్‌లో దీనికి జంటలాంటి సంఘటన 2005లో బ్రిటన్‌లో జరిగింది. ఎలేన్ బ్రోమైలీ అనే ఆవిడకు మామూలు సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చారు. గొట్టం వేయడం కుదరలేదు, ఊపిరి అందడం లేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లు అదే ప్రయత్నం మళ్లీ మళ్లీ చేస్తూ సమయం స్పృహ కోల్పోయారు. ఒక నర్సు గొంతు దగ్గర దారి చేసే సెట్ తెచ్చి ఉందని చెప్పింది. ఇంకొకరు ఐసీయూలో బెడ్ సిద్ధం చేయించబోయారు. ఏం చేయాలో వాళ్లకు తెలుసు. ఎలా చెబితే వింటారో తెలియలేదు. కొన్ని రోజులకు ఆవిడ చనిపోయారు. ఆవిడ భర్త మార్టిన్ బ్రోమైలీ విమాన పైలట్. ఎవరినీ శిక్షించమని అడగకుండా, 2007లో వైద్యంలో మానవ స్వభావ కారణాల మీద పనిచేసే ఒక బృందాన్ని మొదలుపెట్టారు. ఈ కథ చెప్పాక క్లాసును కాసేపు నిశ్శబ్దంగా వదిలేయండి.

ఆ తర్వాత సాధన. పైవాళ్లకు చెప్పాల్సి వస్తే మనం సాధారణంగా సూచన వదిలి ఊరుకుంటాం: 'సార్, రోజూ ఇంతే ఇస్తామా?' అది ప్రశ్నలా ఉంటుంది. 'ఆఁ' అనే జవాబుతో అయిపోతుంది. మూడు మెట్లు నేర్పండి. మొదటిది: 'సార్, నాకు దీని మీద అనుమానంగా ఉంది.' రెండోది: 'సార్, ఇలా ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు.' మూడోది: 'సార్, ఇది పేషెంట్‌కి ప్రమాదం. దయచేసి ఆగండి.' మూడింట్లోనూ గౌరవం అలాగే ఉంది, మాట మాత్రం మెట్టు మెట్టుకూ బిగుసుకుంది. చదివించడం కాదు, లేచి నిలబడి గట్టిగా అనిపించండి. మొదటిసారి గొంతు పీలగా వస్తుంది. నాలుగోసారికి సర్దుకుంటుంది.

ఆపమన్న మాట వినే సాధన కూడా చేయించాలి. చాలా కోర్సులు మర్చిపోయేది దీన్నే. సీనియర్ పాత్ర వేసినవాళ్లకు ఒక్కటే పని: చేయి ఆపి, 'చెప్పినందుకు థ్యాంక్స్, చూద్దాం' అనడం. అనుమానం తప్పని తేలినా అదే మాట. మొదటిసారి విసుక్కుంటే రెండోసారి ఎవరూ అడగరు.

అప్పగింతకు ఎస్‌బార్ పద్ధతి సులువు. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకు వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, నేపథ్యం ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి అని నాలుగు ముక్కలు. విద్యార్థులు తడబడేది చివరి రెండింటి దగ్గర. 'మేడమ్, బీపీ 84/50 ఉంది' అని ఆగిపోతారు. 'లోపల రక్తం పోతోందేమో అనిపిస్తోంది, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి' అనే దాకా వదలకండి. దీనికి జోడీగా, విన్న మాటను తిరిగి చెప్పడం నేర్పండి. 'అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఇవ్వండి.' 'అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఇస్తున్నాను.' కాసేపటికి, 'ఇచ్చాను.' ల్యాబ్ ఫోన్‌కూ ఇదే పద్ధతి: అంకె తిరిగి చెప్పించుకోవాలి, విన్నవాళ్ల పేరు రాసుకోవాలి.

6. మందుల బల్ల

ఒక పొడవాటి బల్ల మీద ఒకేలా కనబడే పెట్టెలు, దగ్గర దగ్గర పేర్లున్న మందులు, వంకర రాతల ప్రిస్క్రిప్షన్లు పరచండి. ఖాళీ పెట్టెలు చాలు. పది నిమిషాల్లో ప్రమాదాలన్నీ పట్టుకోవాలి. మధ్యమధ్యలో మీరే వెళ్లి పిలవండి, ఫోన్ మోగించండి. ఎన్ని దాటిపోయాయో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

సున్నాల సంగతి ఇక్కడే చెప్పాలి. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50 అవుతుంది. సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. పూర్ణాంకం తర్వాత చుక్కా సున్నా వద్దు, చుక్కకు ముందు సున్నా తప్పనిసరి. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను మామూలు వార్డు షెల్ఫులో ఎందుకు ఉంచకూడదో ఫార్మసీ విద్యార్థి చేత చెప్పించండి. వాళ్లకు తెలిసింది మిగతావాళ్లకు చెప్పే అవకాశం రావడమే సగం పాఠం.

చేతుల శుభ్రతకు చెప్పిన అరగంట చాలు. అతినీల లోహిత కాంతికి మెరిసే జెల్ రాసి, చేతులు కడిగించి, ఆ దీపం కింద పెట్టించండి. బొటనవేలు, గోళ్ల అంచులు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. ఇంకేం చెప్పక్కర్లేదు.

7. చెక్‌లిస్టు: టిక్కు వేరు, మాట వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు 19 అంశాల చెక్‌లిస్టు విడుదల చేసింది. మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంట్‌ను థియేటర్ నుంచి బయటికి పంపే ముందు ఆగి మాట్లాడుకోవాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఇక్కడితో ఆపితే సగం కథే. కెనడాలోని ఒంటారియోలో దీన్ని ఆస్పత్రులన్నిటా అమల్లో పెట్టాక చూస్తే, చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదని 2014లో ఇంకో అధ్యయనం తేల్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎందుకిలా అని అడగండి. నా అభిప్రాయం అడిగితే, కాగితం మీద టిక్కు పడటం వేరు, గదిలో అందరూ చేతులు ఆపి పేర్లు చెప్పుకోవడం వేరు. ఒక గుంపు చేత రెండు రకాలుగానూ నటింపజేస్తే తేడా కళ్లకు కడుతుంది.

8. నటించి చూడటం, తర్వాత మాట్లాడుకోవడం

ఖరీదైన బొమ్మ లేదని సిమ్యులేషన్ మానేయకండి. ఒక మంచం, సెలైన్ స్టాండు, ఫోను, పేషెంట్‌గా నటించే ఒక మనిషి ఉంటే చాలు. 'ముక్కలు పంచిన కథ'లో జరిగినదాన్నే మళ్లీ ఆడించండి. ఈసారి ఎవరి పాత్ర వాళ్లది. పది నిమిషాలు.

నేర్చుకోవడం జరిగేది ఆ పది నిమిషాల్లో కాదు, తర్వాతి ఇరవై నిమిషాల చర్చలో. ముందు ఎలా అనిపించిందో మాట్లాడనివ్వండి. కంగారు దిగకుండా విశ్లేషణ ఎక్కదు. తర్వాత ఏం జరిగింది, ఎందుకు. చివర్లో రేపు వార్డులో ఏం మారుస్తారు. 'ఎందుకు ఫోన్ చేయలేదు?' అంటే విద్యార్థి ముడుచుకుపోతాడు. 'చెమటలు చూశాక నువ్వు ఒక్క క్షణం ఆగావు, అప్పుడు మనసులో ఏముంది?' అంటే చెబుతాడు. ఏమీ మాట్లాడని విద్యార్థిని నేరుగా పిలవకండి. 'డైటీషియన్ వైపు నుంచి ఎలా కనబడింది?' అని పాత్రను పిలవండి.

9. నిజమైన వార్డులో ఒక చిన్న పని

ప్రతి గుంపూ ఒక వార్డు నుంచి ఒకే ఒక చిన్న సమస్య తీసుకోవాలి. రక్త నమూనాల మీద పేర్లు మంచం పక్కనే రాస్తున్నారా, డ్యూటీ మారేటప్పుడు అలర్జీల మాట వస్తోందా లాంటివి. మొదట ఒక వారం లెక్కపెట్టడం, ఒక చిన్న మార్పు ప్రయత్నించడం, మళ్లీ లెక్కపెట్టడం, దాన్ని బట్టి ఉంచడమో మార్చడమో. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ను ముందే కలిసి అనుమతి తీసుకోకపోతే, తప్పులు పట్టడానికి వచ్చారనుకుంటారు. ఆ అనుకోవడంలో న్యాయం కూడా ఉంది.

10. మార్కులు దేనికి వేయాలి

నిర్వచనాలు అడిగే పరీక్ష పెడితే నిర్వచనాలే వస్తాయి. అప్పగింత చేయించి చూడండి. ప్రిస్క్రిప్షన్‌లో ఒక ప్రమాదం దాచి, పెద్ద డాక్టరు పాత్రధారి 'ఇచ్చేయ్' అని తొందరపెడుతుంటే విద్యార్థి ఆగుతాడో లేదో చూడండి. తృటిలో తప్పిన ఒక పొరపాటు గురించి రిపోర్టు రాయించి, అందులో ఏం జరిగిందో స్పష్టంగా ఉందా, నింద లేకుండా ఉందా అన్నదానికి మార్కులు వేయండి. ఒప్పుకున్న పొరపాటుకు మార్కులు తగ్గిస్తే ఈ కోర్సు ఆ రోజుతో ముగిసినట్టే.

కోర్సు తర్వాత రిపోర్టుల సంఖ్య పెరిగితే పైవాళ్లు కంగారు పడొచ్చు. వాళ్లకు అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన చెప్పండి. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఆశించారు. లెక్కలు తిరగబడ్డాయి. బాగా పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం వెతికితే, అక్కడ చెప్పుకోవడానికి భయం లేదు.

11. నిజంగానే పొరపాటు జరిగినప్పుడు

ఇవన్నీ నేర్పాక ఏదో ఒక రోజు ఒక విద్యార్థి మీ గది బయట నిలబడి ఉంటుంది. వార్డులో ఏదో చేసింది, లేదా చూసింది. పొరపాటుతో కుంగిపోయే వైద్య సిబ్బందిని 'రెండో బాధితుడు' అని 2000లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ వూ అన్నారు. ఆ పదం మీద అభ్యంతరాలున్నాయి. బాధితులు పేషెంట్లూ వాళ్ల కుటుంబాలే కదా అని కుటుంబాలు అడుగుతాయి, అది నిజమే. పదం ఏదైనా ఆ విద్యార్థికి రాత్రి నిద్ర పట్టదు.

అందుకే కోర్సు మొదటి రోజు ఇచ్చే కాగితంలోనే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. ఆ ఇద్దరూ మార్కులు వేసేవాళ్లు కాకూడదు. విద్యార్థి వచ్చాక ముందు తలుపు వేసి కూర్చోబెట్టండి. పేషెంట్ ఇప్పుడు ఎలా ఉన్నారో అడగండి. ఇంకా చేయాల్సిందేదైనా మిగిలి ఉంటే వెంటనే వార్డుకు ఫోన్ చేయండి. పేషెంట్ కుటుంబానికి ఎవరు, ఎప్పుడు చెబుతారో తెలుసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ సమయంలో విద్యార్థిని కూడా పక్కన ఉండనివ్వండి. రిపోర్టు ఫారం సాయంత్రం నింపొచ్చు, పక్కన మీరు కూర్చుని.